ఏ స్టేషన్లో దిగావు? - చెన్నపట్నం మూడు రైలు గడపలు



మాస్టారిని మొదటిసారి కలిసినప్పుడు ఆయన నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కొత్త మనిషి కనిపిస్తే మనవాళ్లు కాస్త చుట్టు తిప్పి రాబట్టే మూడో సంగతి ఒకటుంది. దాని జోలికీ పోలేదు. కళ్లజోడు పైనుంచి చూసి, "ఏ స్టేషన్లో దిగావబ్బాయ్?" అన్నారు. సెంట్రల్లోనండీ అన్నాను. "ఊఁ. బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎంతసేపు నిలబెట్టాడు?" ముప్పావుగంట అని చెప్పాను. అప్పుడు లోపలికి కేకేసి కాఫీ తెమ్మన్నారు.

మీలో చాలామందికి తెలుసు, ఆయన బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు. రైల్వేలో మాస్టరంటే స్టేషన్ మాస్టరే, అదీ కాదు. సెంట్రల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు మా వీధి పిల్లలకి లెక్కలూ, కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్లకి బస్సు బోర్డులు చదువుకునేపాటి అరవ అక్షరాలూ నేర్పేవారు కనక మాస్టారయ్యారు. రాజధాని నగరాల రైల్వే స్టేషన్ల గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు లండన్ గురించి చెబుదామా, పారిస్ గురించి చెబుదామా అని ఒక పూట ఆలోచించిన మాట నిజం. పుస్తకాల్లో వాటి గురించి కావలసినంత ఉంది. కానీ ఆయన పేరు మీద జరిగే సభలో ఆయన స్టేషన్‌ని వదిలేసి పాడింగ్టన్ గురించి చెబితే బాగుండదు. అందుకని చెన్నపట్నం గురించే చెబుతాను. ఒకప్పుడు మనందరికీ కూడా రాజధాని కదా.

ఆయన అడిగిన ప్రశ్నలో ఒక లెక్క ఉంది. ఆనాటి మద్రాసులో మనిషి దిగిన స్టేషన్ని బట్టి అతను ఏ దిక్కువాడో తేలిపోయేది. చిదంబరం, తంజావూరు, తిరుచ్చి, మదురై, తిరునల్వేలి వాళ్లు ఎగ్మూర్లో దిగేవారు. నెల్లూరు నుంచి వైజాగు దాకా, కడప నుంచి ఆదోని దాకా మనవాళ్లందరూ సెంట్రల్లో దిగేవారు. సేలం, కోయంబత్తూరు, మలబారు, బెంగుళూరు వాళ్లు కూడా సెంట్రల్లోనే దిగేవారన్నది మరిచిపోకూడదు, సెంట్రల్ తెలుగువాళ్ల సొంతం ఎప్పుడూ కాదు. కానీ తెలుగువాళ్లకి మాత్రం సెంట్రల్ తప్ప మరో గడప లేదు. నేనివాళ చెప్పదలచుకున్నది ఇంతే: మద్రాసుని మనం ఒక్క గడప లోంచే చూశాం. ఆ గడప ఎవరు పెట్టారు, అక్కడే ఎందుకు పెట్టారు అన్నది చూస్తే, మనం చూసిన మద్రాసు ఎంతో, చూడనిది ఎంతో కూడా తెలుస్తుంది.

రైలుకి ముందు సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు ఇక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే నెలలో కాశీకి బయల్దేరారు, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పల్లకీ, బోయీలు, గుడారాలు, వెంట పెద్ద పరివారం. ఊరు దాటి ఆయన చేసిన మొదటి మజిలీ తండయారువీడులో, అంటే ఇప్పటి తండయార్‌పేట. ఉత్తరాదికి పోవాలంటే పట్నానికి అదే గుమ్మం. ఆయన తిరిగొచ్చిన పాతికేళ్లకి కంపెనీవాళ్లు మొదటి రైల్వే స్టేషన్ కట్టింది కూడా ఆ పక్కనే, రాయపురంలో.

మద్రాసు రైల్వే కంపెనీ లండన్‌లో పుట్టింది. అప్పటి రైలు కంపెనీలన్నిటి ఏర్పాటూ ఒకటే. వాటాదారులు లండన్‌లో ఉంటారు, పట్టాలు ఇక్కడ పరుస్తారు, పెట్టిన డబ్బుకి నూటికి 5 దాకా వడ్డీ ప్రభుత్వం హామీ. లాభమొస్తే వాళ్లది, రాకపోతే మన శిస్తుల్లోంచి కట్టడం. ఇంత సుఖమైన వ్యాపారం ఏ చెట్టిగారూ ఎప్పుడూ చేసి ఉండరని మాస్టారు అనేవారు. 1853లో రాయపురంలో పని మొదలైంది. 1856 జూన్ 28న గవర్నరు లార్డ్ హారిస్ స్టేషన్ని ప్రారంభించాడు. జూలై 1 నుంచి వాలాజా రోడ్డు దాకా, సుమారు 100 కిలోమీటర్లు, జనానికి బండి నడిచింది. బొంబాయి, హౌరాల తరవాత దేశంలో ఇది మూడో లైను. ఆ మొదటి రెండు చోట్లా ఆనాటి స్టేషన్ భవనాలు ఇవాళ లేవు. రాయపురం మిగిలింది. అందుకే దేశంలో నిలబడి ఉన్న రైల్వే స్టేషన్లలో ఇదే పాతది.

ప్రారంభం రోజున రెండు బళ్లు నడిపారు. సింప్సన్ కంపెనీ పెట్టెలు కట్టి ఇచ్చింది. ఒక బండిలో గవర్నరూ, మూడు వందలమంది దొరలూ. రెండోది మనవాళ్లతో తిరువళ్లూరు దాకా వెళ్లి వచ్చింది. గడప ఒక్కటే అయినా ఎక్కే వరసలు రెండన్నమాట.

స్టేషన్ అక్కడే ఎందుకు కట్టారు? కొత్తగా వచ్చినవాళ్లకి రాయపురం ఊరికి ఒక మూలగా కనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో అది మూల కాదు. దక్షిణాన నల్లపట్నం, అంటే తరవాతి జార్జి టౌన్, వర్తకులందరూ ఉన్న చోటు. తూర్పున సముద్రం. రేవు ఇంకా కట్టలేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే పడవల మీద సరుకు ఒడ్డుకి చేర్చేవారు. ఇంజను దగ్గర్నుంచి మేకు దాకా ఇంగ్లండు నుంచి ఓడలో రావాల్సిందే. అంచేత స్టేషన్ సముద్రానికీ, వర్తకానికీ దగ్గరగా ఉండాలి. మనుషులు ఎక్కడ ఉంటారన్నది తరవాతి మాట. ఎత్తయిన స్తంభాలతో, జమీందారు కచేరీ సావిడిలా ఉండే ఆ భవనాన్ని చూస్తే, ఎక్కి దిగేవాళ్ల కోసం కట్టిన చోటని అనిపించదు, వాటాదారులకి చూపించడానికి కట్టినట్టుంటుంది.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను, క్షమించాలి. గోదావరి జిల్లాలవాళ్లు సభలో ఉన్నారు కనక చెప్పకుండా ఉండలేను. ఈ కంపెనీ పుట్టకముందే మద్రాసులో పట్టాల మీద బండి నడిచింది. 1837 ప్రాంతాల్లో రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపుకి, రోడ్లు వేయడానికి కావలసిన ఎర్రరాయి మోసుకురావడానికి. ఆ పని వెనక ఉన్న ఇంజనీరు ఎవరో కాదు, మన కాటన్ దొర. ధవళేశ్వరం ఆనకట్టకి ముందు ఆయన రైలు కట్టిన మనిషి. ఆ తరవాత జీవితాంతం ఈ దేశానికి రైళ్ల కన్నా కాలువలే మేలని, నీళ్లు పారించినట్టూ ఉంటుంది, సరుకు మోసినట్టూ ఉంటుందని వాదించాడు. రైలు కంపెనీల వాళ్లకి ఆయన పేరు చెబితే గిట్టేది కాదు. ఆయన వాదన నెగ్గలేదు. నెగ్గి ఉంటే ఇవాళ నేను రైల్వే స్టేషన్ల గురించి కాక పడవల రేవుల గురించి మాట్లాడుతూ ఉండేవాణ్ణి.

పూర్తిగా ఓడిపోయాడనీ అనలేం. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఇవాళ నల్లటి మురుగు పారే కాలువ ఒకటుంది. ముక్కు మూసుకుని దాటతాం. అది బకింగ్‌హాం కాలువ. 1800ల మొదట్లో కాక్రేన్ అనే ఆయన ఎన్నూరు దాకా తవ్వించాడు. అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగి పులికాటు, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం చేరి, కృష్ణా కాలువలతో కలిసింది. 1876-78 ధాత కరువులో కరువు పనిగా ఊరి మధ్య ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. అంటే కాకినాడలో పడవ ఎక్కినవాడు కాలువల వెంటే మద్రాసు నడిబొడ్డుకి రాగలిగేవాడు. వచ్చారు కూడా. ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు, వాటితో పాటు మనుషులు. సెంట్రల్‌కి ఉత్తరాన సరుకు బళ్ల యార్డుకి సాల్ట్ కొటార్స్ అని పేరు. కాలువ పడవల్లో వచ్చిన ఉప్పు నిలవ చేసిన చోటు. ఆ కొటార్స్ అనే మాటలో నాకు మన కొఠారు వినపడుతుంది. బేసిన్ బ్రిడ్జి అన్న పేరులో ఉన్న బేసిన్ కూడా పడవలు ఆగే మడుగే. రైలు రాకముందు తెలుగువాళ్లు పడవ దిగిన చోటే, రైలొచ్చాక మనల్ని ముప్పావుగంట నిలబెడుతోంది.

సెంట్రల్‌ని 1873లో కట్టారు. రాయపురం ఇరుకైపోయింది. బండి దిగిన దొర కోటకీ, మౌంటు రోడ్డుకీ పోవాలంటే ఊరంతా దాటాలి. పార్కు టౌన్లో, జాన్ పెరీరా తోట అని పిలిచే జాగాలో, కాలువ పక్కన, పూనమల్లి రోడ్డు మీదికి మొహం పెట్టి కొత్త స్టేషన్ లేచింది. నక్షా జార్జి హార్డింగ్‌ది. తరవాత చిషోమ్ దానికి మార్పులూ చేర్పులూ చేశాడు, 1900 నాటికి ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది. గడియారపు స్తంభం ఎత్తు 136 అడుగులు. ఎర్ర ఇటిక రంగు గోడలు, తెల్ల అంచులు. మొదట్లో నాలుగే ప్లాట్‌ఫారాలు. అయినా కొన్నాళ్లు పెద్దరికం రాయపురానిదే. 1907 తరవాత గాని సెంట్రల్ అసలు పెద్ద స్టేషన్ కాలేదు. కంపెనీ పెద్ద ఆఫీసు కూడా రాయపురం వదిలి సెంట్రల్ పక్క భవనానికి 1922లో వచ్చింది.

సెంట్రల్ గురించి చెప్పవలసిన ముఖ్యమైన సంగతి దాని రంగూ కాదు, గోపురమూ కాదు. అక్కడ పట్టాలు అయిపోతాయి. విజయవాడలోనో గుంతకల్లులోనో బండి ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కనుంచి పోతుంది. సెంట్రల్లో అట్లా కుదరదు. ఇంజను పోయి అడ్డుకట్టకి మొహం ఆనించి ఆగుతుంది. వెనక పెట్టెలన్నీ యార్డుకి లాక్కెళ్లేదాకా అది అక్కడ ఇరుక్కునే ఉంటుంది. ఒక్కో బండి ప్లాట్‌ఫారాన్ని అంతసేపు పట్టుకుని కూచుంటే వెనక వచ్చేవాడు ఎక్కడ ఆగుతాడు? బేసిన్ బ్రిడ్జి దగ్గర. లోపల చోటు లేక బయట నిలబెట్టడం డ్రైవరు తప్పూ కాదు, సిగ్నలు మనిషి తప్పూ కాదు, 1873లో ఆ జాగాలో మొండిగా ఆపేసిన పట్టాల తప్పు. ఎవరైనా విసుక్కుంటే మాస్టారు ఇదంతా అగ్గిపెట్టెలు పేర్చి చూపించేవారు.

పట్టాలు అయిపోతే ప్రయాణికుడికి ఒక లాభముంది. నిద్రలో స్టేషన్ దాటిపోతానన్న భయం లేదు. తెల్లవారుజామున బండి ఆగితే అదే మద్రాసు, ఇంకెక్కడికీ పోదు. నేను మొదటిసారి ఒంగోలు నుంచి మా మేనమామ వెంట వచ్చినప్పుడు పెట్టె మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది ఆ ధైర్యంతోనే.

ఇక ఆ పట్టాలు ఎవరిని తెచ్చాయన్నది చూద్దాం. మనందరం కోస్తా మెయిలు బళ్ల గురించే మాట్లాడుకుంటాం గాని, రైల్లో మద్రాసు ముందు చూసింది కోస్తావాళ్లు కాదు, రాయలసీమవాళ్లు. అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా లైను పాకుతూ పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. కంపెనీకి కావలసింది బొంబాయి. కడప మధ్యలో తగిలింది. మధ్యలో తగిలినందుకే కడప నుంచి ఒక ప్లీడరుగారు రాత్రి ఎక్కి తెల్లారి హైకోర్టులో నిలబడగలిగే రోజుల్లో, గుంటూరాయన ఇంకా కాలువ పడవలో దోమలు తోలుకుంటున్నాడు. కోస్తా వంతు 1899లో వచ్చింది. ఆ ఏడు బెజవాడకీ మద్రాసుకీ పెద్ద లైను కలిసింది. మరుసటేడు, 1900లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. అప్పటినుంచి వాల్తేరు మనిషికి కూడా మద్రాసు తిన్నగా రైలు మీద అందింది. కాజీపేట, బల్లార్షా మధ్య లోటు 1929లో పూడాక ఢిల్లీ బండి వరంగల్లు, బెజవాడల మీదుగా సెంట్రల్‌కి రావడం మొదలెట్టింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పుట్టింది ఆ రోజుల్లోనే. తెలంగాణవాళ్లకి మద్రాసు దగ్గరయింది కూడా ఆ దారినే.

ఆ తరవాతి అర్ధశతాబ్దం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో పెట్టిన ఆంధ్రపత్రికని 1914లో దినపత్రికగా మద్రాసులో నడిపారు. వావిళ్లవారి పుస్తకాలు, చదువులు, కోర్టులు, ఆ వెనక సినిమా. తెలుగువాళ్ల మెదడు మద్రాసులో, ఒళ్లు ఆంధ్రదేశంలో ఉండేది. రెంటినీ కలిపిన నరం సెంట్రల్ స్టేషన్. ఈ మాట నాది, మాస్టారు ఇంత పెద్ద మాటలు అనేవారు కాదు. ఆయనకి ఇదంతా బరువుల్లో తెలుసు, మణుగులూ శేర్లూ, తరవాత కిలోలు. పొద్దున్న వచ్చే మూటలు, రాత్రి పోయే మూటలు. వేసవిలో బంగినపల్లి బుట్టలు ఎండుగడ్డి వాసనతో వచ్చేవట. ఒక బుట్ట కింద చెమ్మ కనిపిస్తే లోపల ఎన్ని కాయలు పోయాయో తట్టకుండానే చెప్పేవారు. పోయేవాటిలో పత్రికల కట్టలు, పంచాంగాలు, పాఠ్యపుస్తకాలు. శుక్రవారానికి ముందు సినిమా రీళ్ల డబ్బాలు, బెజవాడకి. "కొత్త బొమ్మ నేను అందరి కన్నా ముందు మోశానయ్యా, ఒక్కటీ చూళ్లేదు" అనేవారు. చూడకపోవడానికి కారణం డబ్బు కాదు, సాయంత్రం ఆటకి ఆయన డ్యూటీ.

డ్యూటీ దిగాక పక్కనే మూర్ మార్కెట్టు. 1900లో తెరిచిన ఆ ఎర్ర భవనం చుట్టూ పాతపుస్తకాల బడ్డీలు. బండికి రెండు గంటలు ముందొచ్చిన తెలుగువాడు ఆ రెండు గంటలూ అక్కడే గడిపేవాడు. మన ఊళ్లలో చాలా ఇళ్ల అలమార్లలో ఇప్పటికీ ఉన్న పాత ఇంగ్లీషు పుస్తకాల లోపలి అట్ట మీద మద్రాసు రబ్బరు ముద్రలుంటాయి చూడండి. 1985 మే 30న మార్కెట్టు తగలబడింది. ఆ జాగాలో ఇప్పుడు లోకల్ రైళ్ల టెర్మినల్ ఉంది. పేరు మాత్రం మూర్ మార్కెట్ కాంప్లెక్సు. పుస్తకాలు లేవు, పేరు టికెట్టు మీద మిగిలింది.

ఇక ఎగ్మూరు. పొద్దుపోతోంది గాని, దీన్ని తొందరగా దాటిస్తే నేను చెప్పదలచుకున్నది సగమే అవుతుంది.

దక్షిణాది రైళ్లది వేరే కంపెనీ, సౌత్ ఇండియన్ రైల్వే. దాని వేళ్లు నాగపట్నంలో ఉన్నాయి, పెద్ద ఆఫీసు తిరుచ్చిలో. పట్టాల వెడల్పే వేరు. మద్రాసు కంపెనీది అయిదున్నర అడుగుల పెద్ద లైను, వీళ్లది మీటరు వెడల్పు చిన్న లైను. 1870ల్లో ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం చిన్న లైనుని మెచ్చుకుంది. ఆ ఆదా ఎంతోగాని, దాని బాకీ నూరేళ్లకి పైగా కూలీల వీపులు తీర్చాయి. ఒక లైను బండిలోంచి దింపి ఇంకో లైను బండిలోకి ఎక్కించని మూట లేదు.

ఆ కంపెనీకి మద్రాసులో సరైన స్టేషన్ కావాలి. ఎగ్మూర్లో జాగా చూశారు. అందులో కొంత డాక్టరు పుల్నీ ఆండీగారిది. ఆయన మొదట ఇష్టపడలేదు, చివరికి లక్ష రూపాయలకి ఇచ్చారు. మైసూరు రాజభవనం గీసిన హెన్రీ ఇర్విన్ దీనికీ నక్షా గీశాడు. బెంగుళూరు కంట్రాక్టరు సామినాథ పిళ్లై కట్టాడు. సుమారు 17 లక్షల ఖర్చుతో 1908 జూన్ 11న తెరిచారు. గుమ్మటాలు, కమాన్లు, ఎరుపూ తెలుపూ కలిపిన గోడలు. అందానికి సెంట్రల్ కన్నా ఎగ్మూరే మిన్న అని నా అభిప్రాయం. మాస్టారి ముందు ఎప్పుడూ పైకి అనలేదు, ఇవాళ అంటున్నాను.

ఎగ్మూరు కిటికీ లోంచి కనపడే లోకం వేరు. 1914లో పాంబన్ వంతెన తెరిచాక ఎగ్మూరు నుంచి బోట్ మెయిలు ధనుష్కోటి దాకా పోయేది. అక్కడ ఓడ ఎక్కితే తలైమన్నారు, అక్కణ్ణుంచి మళ్లీ రైల్లో కొలంబో. ఒక్క టికెట్టు మీద ఇంకో దేశం. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి సముద్రం పాలైంది, ఒక పాసింజరు బండి మనుషులతో సహా పోయింది, ఆ దారి అక్కడితో సరి. 1931లో బీచి నుంచి ఎగ్మూరు మీదుగా తాంబరం దాకా కరెంటు రైళ్లు పెట్టారు. మన దేశంలో చిన్న లైను మీద కరెంటు బండి అదే మొదలు. మాంబళం పక్కన త్యాగరాయనగర్ పెరిగింది ఆ రైళ్ల ఊపుతోనే. పాండీబజారులో ఇళ్లు కట్టుకున్న మన సినిమావాళ్లకి వీధి చివర ఉన్నది ఎగ్మూరు లైనే. అయినా ఊరికి పోవాలంటే టాక్సీ సెంట్రల్‌కే కట్టించుకునేవారు.

సెంట్రల్‌కీ ఎగ్మూరుకీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు. జట్కాలో పావుగంట. వైజాగు నుంచి రామేశ్వరం పోయే ముసలమ్మ ఇక్కడ దిగి, ట్రంకు పెట్టె దింపుకుని, జట్కావాడితో వచ్చీరాని అరవంలో బేరమాడి, అక్కడికి పోయి రాత్రిదాకా ప్లాట్‌ఫారం మీద కూచోవాలి. మనలో చాలామందికి ఎగ్మూరంటే అంతే, రామేశ్వరం పోయేటప్పుడు ఒక పూట పడిగాపులు. ఆ రెండు కిలోమీటర్లు దాటి అవతలి జనంతో కలిసి ఊరిని చూసినవాళ్లు తక్కువ.

1952కి వస్తాను. ఆ అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేక ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్షకి కూచున్నారు. డిసెంబరు 15 రాత్రి పోయారు. ఆ కబురు తెలిసి ఆంధ్రదేశమంతా అట్టుడికింది. జనం కోపం చాలాచోట్ల రైలు స్టేషన్ల మీద పడింది. శ్రీరాములుగారు గాంధీగారి దగ్గరికి పోకముందు బొంబాయిలో రైల్వే ఉద్యోగి, జి.ఐ.పి. రైల్వేలో. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మాస్టారు కాసేపు మాట్లాడేవారు కాదు. ఆ వారం సెంట్రల్ పార్సిల్ ఆఫీసులో ఉత్తరాదికి పోవలసిన మూటలు కదలక గుట్టలు పడ్డాయట.

ఆ రోజుల్లో వినపడిన "మద్రాసు మనదే" అన్న కేక మీద మాస్టారికి ఒక సిద్ధాంతముండేది. "అబ్బాయ్, మనకి సెంట్రల్ తెలుసు, మూర్ మార్కెట్టు తెలుసు, జార్జి టౌను తెలుసు. ఎగ్మూర్లో రోజూ దిగే జనాన్ని మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా? ఒక గడపలో కూచుని ఇల్లంతా మనదనుకున్నాం." అప్పట్లో నేను ఆయనతో వాదించాను. ఒక నగరం ఎవరిదన్నది రైలు టికెట్లు తేల్చవు. జనాభా లెక్కలు, నాయకుల ఎత్తులు, ఢిల్లీ నిర్ణయాలు, అవీ అసలు కారణాలు. ఇప్పటికీ నా మాట అదే. కానీ మనకి కలిగిన ఆశ్చర్యం ఉంది చూశారూ, మద్రాసు మనకి రాదా అని నోరు తెరిచిన ఆశ్చర్యం, దానికి మాత్రం ఆయన చెప్పిందే కారణమని ఒప్పుకుంటాను. తెలుగు పత్రిక, తెలుగు ప్లీడరు, తెలుగు హోటలు, తెలుగు కూలీ కనపడే దారిన రోజూ వచ్చిపోయేవాడికి ఊరంతా తెలుగుగానే కనపడుతుంది. తిరునల్వేలి నుంచి ఎగ్మూర్లో దిగినవాడికి అదే ఊరు పూర్తిగా అరవంగా కనపడి ఉంటుంది. ఇద్దరి కళ్లూ మంచివే.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. పెద్ద లైను మీద యాభై ఏళ్లకి పైగా రాజధానికి ప్రయాణం చేసినవాళ్లం, కొత్త రాజధానికి మీటరు లైను మీద పోవలసి వచ్చింది. కర్నూలు మీద నా అభిమానానికి లోటు లేదు. పెట్టె, బెడ్డింగు దింపి మళ్లీ ఎక్కించుకున్న గుమాస్తాల తిట్లు మాత్రం నేను స్వయంగా విన్నాను.

అప్పటికే, 1951 ఏప్రిల్ 14న, రెండు కంపెనీలనీ మైసూరు రైల్వేనీ కలిపి సదరన్ రైల్వే చేశారు. యజమాని ఒక్కడయ్యాడు. పట్టాలు మాత్రం ఇంకో నలభై, యాభై ఏళ్లు రెండు రకాలుగానే ఉన్నాయి. కాగితం మీద కలిపినంత సులువు కాదు కదా, ప్రతి పట్టా పీకి, ప్రతి స్లీపరు మార్చి, వంతెనలు తిరగకట్టాలి. ఎగ్మూర్లోకి పెద్ద లైను 1990ల్లో వచ్చింది. చివరి చిన్న లైను లోకల్ బండి 2004 జూలై 1న ఆగిపోయింది. ఆ రోజు వార్త చదివి మాస్టారు పేపరు మడిచి, "అయితే ఇక నేనడిగే ప్రశ్నకి అర్థం లేదన్నమాట" అన్నారు.

ఆ తరవాతి ఏడు ఆయనకి పెద్ద కష్టం వచ్చింది. సెంట్రల్‌కి లేత గోధుమ రంగు వేశారు. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి నన్ను తోడు తీసుకుని, రోడ్డు అవతల పార్కు స్టేషన్ మెట్ల మీద నిలబడి, చాలాసేపు చూసి, "ఇది మన స్టేషను కాదబ్బాయ్, ఏదో బిస్కెట్ ఫ్యాక్టరీ" అన్నారు. ఊరంతా కూడా అదే అన్నట్టుంది, గోల పెట్టారు, మళ్లీ ఎర్ర రంగు వేశారు. రాయపురాన్ని బాగుచేసి తెరిచింది కూడా 2005లోనే. ఆ సభకి ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్లేవారు కాదేమో, రాయపురం ఆయనకి ఎప్పుడూ పాత కంపెనీ ఇల్లే.

2019లో సెంట్రల్‌కి ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. బోర్డు పొడుగైంది. ఆటో ఎక్కేవాళ్లు సెంట్రల్ అనే అంటున్నారు. అంతకు ముందే, 2018లో, అక్కడికి భూమి కింద మెట్రో వచ్చింది. అందులో సెంట్రల్ పక్క స్టేషనే ఎగ్మూరు. ముసలమ్మ జట్కా బేరమాడిన రెండు కిలోమీటర్లు ఇప్పుడు నిలబడే దాటేస్తాం, కూచునేలోపల దిగాలి.

చివరగా ఒక్క సంగతి. ఈ సభకి నేను నిన్న సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాను. కాకినాడ బండి. అది సెంట్రల్‌కి రాదు. బీచి లైను మీదుగా ఎగ్మూర్లో ఆగుతుంది, అక్కడా అయిపోదు, తాంబరం దాటి ఇంకా ముందుకి పోతుంది. హైదరాబాదు నుంచి వచ్చే చార్మినార్ కూడా ఇప్పుడు తాంబరం పోతోంది. తెల్లవారుజామున ఎగ్మూర్లో నా పెట్టె దింపుకుంటుంటే, నాతో గూడూరు నుంచి కూచున్న కుటుంబం కదల్లేదు. దిగరా అని అడిగాను. "లేదండీ, మాది చెంగల్పట్టు దగ్గర, ఇంకో గంట" అంది వాళ్లలో ఒకావిడ, తెలుగులోనే, పిల్లవాడికి దుప్పటి సర్దుతూ. బయటికొచ్చాక ఆటో అతను ఎక్కడికని అడిగాడు. మాస్టారి ఇంటి వీధి పేరు చెప్పాను. "ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. ఏ స్టేషన్లో దిగారని అడగలేదు. అడగడానికి ఏముంది, అక్కడే నిలబడి ఉన్నాను.